పెట్టె ఇల్లు దించే ముందు



ఇళ్ల ప్లాన్లు గీయడం, పర్మిషన్ల కాగితాలు తయారుచెయ్యడం నా వృత్తి. ఉండేది రాజమండ్రి. ఈ మధ్య నా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరు ప్లానే వద్దంటూ వస్తున్నారు. ఫోన్ తీసి ఒక వీడియో చూపిస్తారు. అందులో ఒక లారీ వస్తుంది. దాని మీద ఓడ కంటైనర్ లాంటి ఇనుప పెట్టె ఉంటుంది. క్రేన్ ఆ పెట్టెని ఎత్తి కొబ్బరిచెట్ల మధ్య దించుతుంది. తలుపు తీస్తే లోపల మంచం, వంటగట్టు, ఏసీ, స్నానాలగది. పొద్దున దించితే సాయంత్రానికి లైటు వెలుగుతుంది. "ఇది కట్టేది కాదు కదండీ, దించేది. కావాలంటే రేపు ఎత్తుకుపోవచ్చు. దీనిక్కూడా పర్మిషన్ కావాలంటారా?" అని అడుగుతారు.

కావాలండి. ఎందుకు కావాలో, ఎక్కడ ఎంత తిరిగినా రాదో ఇవాళ మాట్లాడుకుందాం. చెప్పినవన్నీ గుర్తుండకపోయినా ఫర్వాలేదు. ఒక్క మాట గుర్తుంటే చాలు. ముందు నేల సంగతి తేల్చుకోండి. ఆ తర్వాతే ఇంటికి అడ్వాన్సు ఇవ్వండి.

అమ్మేవాళ్లు ఏమంటారంటే, ఇందులో ఇటుక లేదు, సిమెంటు లేదు, పునాది లేదు, కాబట్టి ఇది భవనం కిందికి రాదు అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ చట్టం రాసినవాళ్లు ఈ మాట ముందే ఊహించినట్టున్నారు. మన 1994 పంచాయతీరాజ్ చట్టం తీయండి. భవనం అంటే ఏమిటో మొదట్లోనే చెప్పారు. ఇల్లు, కొట్టు, షెడ్డు, పాక, గోడ, ఇంకా అలాంటి కట్టడం ఏదైనా భవనమే. అది ఇటుకతో లేచినా, మట్టితో లేచినా, కర్రతో లేచినా, లోహంతో లేచినా, ఇంకే సరుకుతో లేచినా భవనమే. లోహం కూడా ఆ వరసలో ఉంది, గమనించారా? ఈ వరస పాత మద్రాసు రాష్ట్రం చట్టాల నుంచి దిగుతూ వచ్చింది. అప్పటికి ఓడల్లో ఈ కంటైనర్లే లేవు. అయినా వాటికీ సరిపోయింది.

ఆ చట్టంలోనే ఒక చిన్న మినహాయింపు కూడా ఉంది. వ్యవసాయ భూమిలో వేసుకున్న పశువుల పాకని ఈ లెక్కలోంచి తీసేశారు. గేదెలకి లేని పేచీ మనిషికెందుకు అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మనిషి కాపురం పెడితే మరుగుదొడ్డి కావాలి. ఆ నీరు ఎక్కడికో పోవాలి. రాత్రి పూట గుండెనొప్పి వస్తే అంబులెన్సు లోపలికి రావాలి. నిప్పు అంటుకుంటే ఫైరింజను రావాలి. పక్కవాళ్ల గాలీ వెలుతురూ ఆగకూడదు. పర్మిషన్‌లో చూసేవి ఇవే. గోడ ఇనుముదా ఇటుకదా అన్నది అధికారులకి తర్వాతి మాట.

మన కడియం నర్సరీలు అందరికీ తెలుసు. అక్కడ కుండీలో ఉన్న మొక్క సరుకు. బిల్లు రాస్తారు, ఆటోలో ఎక్కిస్తారు, ఎవరికి కావాలంటే వాళ్లు పట్టుకుపోతారు. అదే మొక్కని తెచ్చి మీ పెరట్లో పాతారనుకోండి. అప్పుడు అది పక్కింటి గోడకి ఎంత దూరంలో ఉంది, కరెంటు తీగకి తగులుతుందా, వేళ్లు ఎవరి స్థలంలోకి పోతున్నాయి అన్న మాటలు మొదలవుతాయి. ఈ పెట్టె ఇల్లూ అంతే. అమ్మేవాడి యార్డులో ఉన్నంతసేపూ సరుకు. మీ నేల మీద దింపి, కరెంటు ఇచ్చి, కుళాయి బిగించి, సెప్టిక్ ట్యాంకు కలిపి, మనుషులు పడుకోవడం మొదలుపెట్టాక ఇల్లు.

అలాగని ప్రభుత్వానికి కొత్తరకం ఇళ్లంటే వ్యతిరేకత ఏమీ లేదు. నెల్లూరులో కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఎంటీపీసీ 36 ఇళ్లు కట్టించింది. గోడలు ఫ్యాక్టరీలో జిప్సం పలకలుగా తయారై వచ్చాయి. మన భీమవరంలో, రాజమండ్రిలో, కాకినాడలో చూసే టిడ్కో ఇళ్లలోనూ మామూలు ఇటుక గోడ లేదు. అచ్చుల్లో కాంక్రీటు పోసిన గోడలే. అంటే ఏ సరుకుతో కట్టారన్న దాని మీద గొడవ లేదండి. గొడవంతా ఎక్కడ పెట్టారన్న దాని మీదే.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది నేను కల్పించిందే. రాజోలు వైపు ఒక ఊరు అనుకుందాం. ఒక పెద్దాయనకి ఎకరం కొబ్బరితోట ఉంది. కొడుకు మస్కట్‌లో పనిచేస్తాడు. "నాన్నా, తోటలో ఒక కంటైనర్ ఇల్లు పెట్టిద్దాం. సెలవులకి వచ్చినప్పుడు ఉంటాం. మిగతా రోజులు అద్దెకిద్దాం" అన్నాడు. పెద్దాయనకీ నచ్చింది. నలభై అడుగుల పెట్టె. వెడల్పు ఎనిమిది అడుగులు. అంటే 320 చదరపు అడుగులు. చిన్న కుటుంబానికి సరిపోతుంది. ఇప్పుడు ఆయన ఏం చెయ్యాలి?

మొదట పెట్టె మాట మరిచిపోవాలి. తోట కాగితాలు ముందేసుకోవాలి. అడంగల్‌లో ఆ భూమి ఏమని ఉంది? తోట కదా, వ్యవసాయ భూమి అనే ఉంటుంది. వ్యవసాయ భూమిలో కాపురానికి ఇల్లు పెట్టాలంటే ఆ భూమి వాడకం మారాలి. దీనికోసం 2006లో ఒక చట్టం వచ్చింది. మనవాళ్లు దాన్ని నాలా, నాలా అనేవారు. 2025లో దాన్ని రద్దు చేశారు. ఈ పద్ధతిలోనూ ఫీజుల్లోనూ ప్రభుత్వం ఎప్పటికప్పుడు మార్పులు చేస్తోంది. కాబట్టి మీ బంధువు నాలుగేళ్ల కింద కట్టిన లెక్క పట్టుకుని వెళ్లకండి. ఇవాళ్టి లెక్క ఇవాళ అడగండి.

తర్వాత, ఆ ఊరు ఏ పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉందో చూడాలి. మన దగ్గర 2017లో గోదావరి పట్టణాభివృద్ధి సంస్థ వచ్చింది. గుడా అంటాం. తర్వాత జిల్లాలు మారాయి, సంస్థల హద్దులూ మారాయి. ఇలాంటి సంస్థ పరిధిలో మాస్టర్ ప్లాన్ ఉంటే ప్రతి సర్వే నంబరుకీ మ్యాపులో ఒక రంగు ఉంటుంది. సాధారణంగా పసుపు అంటే నివాసాలకి, ఆకుపచ్చ అంటే వ్యవసాయానికి. ఆకుపచ్చలో ఉన్న తోటలో పసుపు పని చెయ్యాలంటే అంత తేలిక కాదు. కొన్ని సర్వే నంబర్ల మీదుగా రాబోయే రోడ్డు గీత పోతుంది. ఆ గీత మన కంటికి కనపడదు. కొబ్బరిచెట్లే కనపడతాయి. మ్యాపు చూసినవాడికే తెలుస్తుంది.

ఆ తర్వాత నీటి సంగతి. ఇక్కడ మనం కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఎందుకంటే మనది డెల్టా. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసినప్పటి నుంచీ మన ప్రతి ఊరికీ ఒక కాలువ, ప్రతి పొలానికీ ఒక బోదె, ప్రతి తోట పక్కనా ఒక మురుగు కోడు. హైదరాబాదులో కంటైనర్ ఇల్లు పెట్టుకున్నవాడికి ఈ బాధ అంతగా ఉండదు. మనకి మాత్రం అడుగడుగునా ఉంటుంది.

2017 భవన నిబంధనల్లో ఈ దూరాలు రాసిపెట్టారు. నది హద్దు నుంచి మున్సిపాలిటీ బయట అయితే 100 మీటర్లు, లోపల అయితే 50 మీటర్లు ఏ కట్టడమూ ఉండకూడదు. పది మీటర్ల కన్నా వెడల్పైన కాలువ గానీ డ్రెయిన్ గానీ అయితే 9 మీటర్లు వదలాలి. పది మీటర్లు, అంతకన్నా తక్కువ వెడల్పున్న వాటికి 2 మీటర్లు. మళ్లీ చెప్తున్నాను. నదికి ఊరి బయట 100, టౌన్లో 50. పెద్ద కాలువకి 9. చిన్న కాలువకి 2. నది హద్దు ఎక్కడో మనం గీత గీసి చెప్పేది కాదు. రెవెన్యూ, నీటిపారుదల శాఖల వాళ్లు చెప్పాలి. ఇసుకతిన్నె ఈ ఏడాది ఇటు జరిగిందని హద్దు జరగదు.

ఇక మన పెద్దాయన తోట సముద్రానికి దగ్గరైతే ఇంకో నిబంధన ఉంది. తీర ప్రాంత నియంత్రణ మండలం. సీఆర్‌జడ్ అంటారు. మొదటి నోటిఫికేషన్ 1991లో, ఇప్పటిది 2019 జనవరిలో వచ్చాయి. సముద్రం పోటు గీత నుంచి ఒడ్డు వైపు 500 మీటర్ల వరకు ఇది ఉంటుందని చాలామందికి తెలుసు. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వాళ్లని అడిగితే చెప్తారు. తెలియనిది ఏమిటంటే, ఇది నదీపాయల వెంట లోపలికి కూడా వస్తుంది. ఎంత దూరం? పోటు ప్రభావం ఉన్నంత దూరం. దాన్ని ఉప్పుతో కొలుస్తారు. ఏడాదిలో బాగా ఎండిపోయిన రోజుల్లో, వెయ్యి పాళ్ల నీటిలో అయిదు పాళ్ల ఉప్పు ఎక్కడి వరకు ఉందో అక్కడి వరకు. గౌతమి అయినా, వసిష్ఠ అయినా, వైనతేయ అయినా ఇదే కొలత. సముద్రం కంటికి కనపడనంత దూరంలో ఉన్నా, ఎండాకాలంలో మీ రేవులో నీళ్లు ఉప్పగా తగులుతున్నాయంటే అనుమానించాల్సిందే. సీఆర్‌జడ్ మ్యాపులో మీ సర్వే నంబరు ఏ తరగతిలో పడిందో చూడాల్సిందే. మత్స్యకార కుటుంబాల ఇళ్లకి ఇందులో కొన్ని వెసులుబాట్లు ఉన్నాయి. తోటలో అద్దె గది పెట్టుకునేవాళ్లు ఆ వెసులుబాటు తమకీ వస్తుందనుకోకూడదు.

ఇవన్నీ దాటాక పర్మిషన్‌కి దరఖాస్తు. ఇది ఇప్పుడు ఆన్‌లైన్లోనే. లైసెన్సు ఉన్న టెక్నికల్ పర్సన్ చేత ప్లాన్ వేయించాలి. పెట్టె ఇంటికీ ప్లానే. పెట్టె ఎక్కడ కూర్చుంటుంది, చుట్టూ ఎంత ఖాళీ వదిలారు, సెప్టిక్ ట్యాంకు ఎక్కడ, బావి ఎక్కడ, దారి ఎంత వెడల్పు. అద్దెకిస్తాం అంటే అది కూడా చెప్పాలి. సొంత కాపురానికని పర్మిషన్ తీసుకుని రిసార్టు నడపడం వేరే తప్పు.

మన పెద్దాయన అడ్వాన్సు ఇవ్వకముందే ఇవన్నీ తెలుసుకుంటే ఏమవుతుంది? తోట మధ్యలో కాకుండా, ఊరి వైపు మూలన, గ్రామకంఠంలో పాత పెంకుటిల్లు కూలిన స్థలం ఒకటి ఆయనకి ఉందనుకోండి. అక్కడ పెట్టుకుంటే భూమి వాడకం మార్చక్కర్లేదు, కాలువ దూరం పేచీ లేదు, దారి ఉంది, కరెంటు స్తంభం ఉంది. అదే పెట్టె, అదే కొడుకు, అదే డబ్బు. నేల మారింది, పని తేలికైంది. అందుకే అంటున్నాను, ముందు నేల.

ఇప్పుడు లంకల మాట. నన్ను ఎక్కువగా అడిగేది లంకల వాళ్లే. వాళ్ల ఆలోచనలో న్యాయం ఉంది. "ప్రతి ఏడాదీ వరద. కట్టిన ఇల్లు మునుగుతుంది. కదిలే ఇల్లయితే వరదొచ్చినప్పుడు తీసుకుపోతాం కదా" అంటారు.

వినండి. లంక భూముల్లో చాలా వరకు ప్రభుత్వానివి. లీజుకి సాగు చేసుకునేవే ఎక్కువ. సాగు హక్కు వేరు, ఇల్లు పెట్టుకునే హక్కు వేరు. నది గర్భంలోనూ, నది పరిధిలోనూ కట్టడాలకి 1884 నాటి నదీ పరిరక్షణ చట్టం ఉంది. నూట నలభై ఏళ్ల చట్టం. ఇప్పటికీ నడుస్తోంది. ధవళేశ్వరం హెడ్‌వర్క్స్ ఇంజనీర్ల చేతిలో ఆ అధికారం ఉంది. నది పారే దారికి అడ్డం వచ్చే దేన్నైనా వాళ్లు ఒప్పుకోరు. పెట్టె ఇనుముదైనా, పాక తాటాకుదైనా ఒకటే. పట్టా ఉన్న పాత లంక ఊళ్ల సంగతి వేరు. అక్కడ గ్రామకంఠం ఉంది, పంచాయతీ ఉంది.

ఇక తీసుకుపోవడం గురించి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75కి రెండోది. 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వచ్చేసరికే కనకాయలంక కాజ్‌వే లాంటివి నీట మునుగుతాయి. పడవలు మొదలవుతాయి. లారీ ఎలా వస్తుంది? క్రేన్ ఎలా వస్తుంది? గోదారి గంటల్లో పెరుగుతుంది. క్రేన్ బేరం కుదిరి, ఖాళీ దొరికి, వచ్చేసరికి రెండు రోజులు. పైగా ఆ రోజు అందరికీ ఒకేసారి క్రేన్ కావాలి. కాబట్టి కదిలే ఇల్లు వరద రోజున మాత్రం కదలదండి.

ఇంకో సంగతి ఉంది. ఇది అమ్మేవాళ్లు చెప్పరు. ఇరవై అడుగుల కంటైనర్ ఖాళీగా రెండు టన్నుల పైచిలుకు ఉంటుంది. దాని అడుగు వైశాల్యం 160 చదరపు అడుగులు. లెక్క కడితే, లోపలికి నీళ్లు పోకుండా ఉంటే అది అరడుగు నీటికే తేలుతుంది. లోపల గోడలు, మంచాలు, సామాను వేసి నాలుగు టన్నులు చేశారనుకోండి. అప్పుడూ అడుగు నీరు చాలు. నిజంగా ఇల్లన్నాక సందులుంటాయి, నీళ్లు లోపలికి పోతాయి, పడవలా తేలిపోదు. కానీ నిండేలోపు ఒక మూల లేస్తుంది. దిమ్మ మీంచి జారుతుంది. గ్యాసు పైపు, కరెంటు తీగ తెగుతాయి. ఇటుక ఇల్లు మునిగితే అక్కడే ఉంటుంది. పెట్టె ఇల్లు అక్కడే ఉంటుందన్న హామీ లేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పారింది. 2022 జూలైలో దాదాపు 26 లక్షలు. ఆ రెండూ చూసినవాళ్లకి నేను ఎక్కువ చెప్పక్కర్లేదు.

అందుకని లంకల్లో గానీ, ఏటిగట్టు లోపలి ఊళ్లలో గానీ పర్మిషన్ ఉన్న నేల మీదే పెట్టుకున్నా సరే, కాంక్రీటు దిమ్మలు ఎత్తుగా కట్టండి. వరద గుర్తు ఊళ్లో ఏదో గుడి గోడ మీదో, బడి గోడ మీదో ఉంటుంది. దానికి పైన కూర్చోబెట్టండి. నాలుగు మూలలా దిమ్మల్లోకి బోల్టులు దిగేసి బిగించండి. గాలికి కూడా ఇదే మందు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడ్డ తుఫాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. మన తీరానికి ఇంజనీర్లు లెక్కలోకి తీసుకునే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు. అంటే గంటకి 180 కిలోమీటర్లు. దించి వదిలేసిన పెట్టెకి ఆ గాలి చాలా ఎక్కువ. అమ్మేవాడిని ఈ లెక్క కాగితం మీద అడగండి. "ఏం కాదండి" అంటే అది లెక్క కాదు.

చూశారా, బోల్టులు బిగించి దిమ్మల మీద కూర్చోబెట్టాక "ఇది కదిలే ఇల్లు" అన్న వాదన కూడా పోయింది. కదిలే ఇల్లని వాదించాలంటే వదులుగా ఉంచాలి. గాలి ముందు నిలవాలంటే బిగించాలి. రెండూ ఒకేసారి కుదరవు. నన్నడిగితే బిగించమనే చెప్తాను.

పడమటి వైపుకి వద్దాం. భీమవరం, ఉండి, ఆకివీడు. చేపల చెరువులు, రొయ్యల చెరువులు. గట్టు మీద మకాం ఉంటుంది. కాపలా మనిషి ఉంటాడు, మేత బస్తాలుంటాయి. ఇదివరకు తాటాకు, తర్వాత రేకు, ఇప్పుడు ప్యానెల్ గది. కాపలా మకాం వరకు ఎవరూ పెద్దగా పట్టించుకోవడం లేదు. దాన్నే కాస్త పెంచి, ఏసీ పెట్టి, ఆదివారాలు పట్నం వాళ్లకి అద్దెకివ్వడం మొదలుపెడితే మాత్రం అది మకాం కాదు. కొల్లేరు పక్కనున్న వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 1999లో ఐదో కాంటూరు వరకు కొల్లేరుని అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లు యంత్రాలతో కొట్టించారు. గట్టే నిలవని చోట గట్టు మీది గది గురించి చెప్పేదేముంది.

చక్రాల ఇళ్లు, నీటి ఇళ్లు గురించి రెండు మాటలు. దిండి దగ్గర హౌస్‌బోట్లు చూసే ఉంటారు. వాటికి పంచాయతీ ప్లాన్ ఉండదు. అవి పడవలు. రిజిస్ట్రేషను, సర్వే, లైఫ్ జాకెట్లు, సరంగు లైసెన్సు, వాటి లోకం వేరు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదారిలో పడవ మునిగిన ఘోరం తర్వాత ఆ నిబంధనలు ఎందుకో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. కారవాన్ బండి కూడా అంతే. రోడ్డు మీద ఉన్నంతసేపూ రవాణా శాఖది. తోటలో దించి, చక్రాలు విప్పి, కింద రాళ్లు పెట్టి, సెప్టిక్ ట్యాంకు కలిపాక బండి అని వాదించడం కష్టం.

అమెరికాలో మన పిల్లలు చూసే మొబైల్ హోమ్‌ల సంగతి అడుగుతారు కొందరు. అక్కడ 1976 జూన్ 15 నుంచి ఫ్యాక్టరీలో తయారయ్యే ఇంటికి దేశమంతటికీ ఒకటే ప్రమాణం ఉంది. ఇల్లు ఎలా ఉండాలో కేంద్రం చెప్తుంది. కానీ ఎక్కడ పెట్టాలో మాత్రం ఊరే చెప్తుంది. చాలా ఊళ్లు వాటిని మామూలు వీధుల్లోకి రానివ్వవు, విడిగా పార్కుల్లో పెట్టుకోమంటాయి. అక్కడా చివరికి పేచీ నేల దగ్గరే.

మన దగ్గర లోటు ఇంకో రకం. ఫ్యాక్టరీ ఇంటికి మన నిబంధనల్లో వేరే గది లేదు. ఇటుక ఇంటికి ఏ కొలతలో దీనికీ అవే కొలతలు. నా అభిప్రాయం అడిగితే, కోస్తాకీ లంక ఊళ్లకీ పనికొచ్చే ఒక చిన్న నమూనా ప్రభుత్వమే తయారుచేసి ఇవ్వాలి. ఎత్తు దిమ్మలు, బిగింపు, గాలి లెక్క అన్నీ ముందే చూసిన నమూనా. అది పెట్టుకునేవాళ్లకి పర్మిషన్ తొందరగా ఇవ్వాలి. ఇప్పటి పద్ధతిలో పేదవాడు పర్మిషన్ జోలికే పోడు. కాలువ గట్టు మీద, పుంత పక్కన ఎక్కడో పాక వేసుకుంటాడు.

ఆ గట్ల మీది సంసారాలు చూడండి. నరసాపురం కాలువ వెంట, యనమదుర్రు డ్రెయిన్ వెంట తరాల తరబడి ఉన్నవాళ్లున్నారు. ఇంటి పన్ను కడతారు. కరెంటు మీటరు ఉంది. ఆధార్‌లో ఆ అడ్రసే. అయినా గట్టు ఖాళీ చెయ్యమన్న రోజున ఇవేవీ ఆపవు. ఇది పెట్టె ఇల్లు కొనేవాళ్లు బాగా వినాలి. పన్ను రసీదు పర్మిషన్ కాదు. కరెంటు మీటరు పర్మిషన్ కాదు. అమ్మేవాళ్లు "ముందు దించేద్దాం, పన్ను వేయించుకుంటే రెగ్యులర్ అయిపోతుంది" అంటారు. అవదు. పన్ను కట్టించుకోవడం వేరు, హక్కు ఇవ్వడం వేరు.

బాతులు మేపుకుంటూ చేను చేనుకీ గుడారం మార్చేవాళ్లు కూడా మన దగ్గరే ఉన్నారు. నిజంగా కదిలే ఇళ్లంటే వాళ్లవే. కోత కోసిన చేలో నాలుగు రోజులుంటారు, రైతుని అడుగుతారు, వెళ్లిపోతారు. వాళ్లని పర్మిషన్ అడిగినవాళ్లు లేరు. అలాగే వాళ్లకి అడ్రసు ఇచ్చినవాళ్లూ లేరు. దాని మీద ఇంకో రోజు మాట్లాడుకోవాలి.

సరే, పనిలోకి వద్దాం. ఎవరిని అడగాలి? మీ గ్రామ సచివాలయం. 2019 అక్టోబరు 2న ఈ సచివాలయాలు మొదలైంది మన కరపలోనే. పల్లెలో పంచాయతీ కార్యదర్శినీ సర్వేయరునీ కలవండి. టౌన్లో అయితే వార్డు ప్లానింగ్ కార్యదర్శిని. చేతిలో సర్వే నంబరు, పాస్‌బుక్కు నకలు ఉంచుకోండి. పెట్టె ఫోటో చూపించకండి. మాట ఇంటి మీదికి పోతుంది. సర్వే నంబరు చూపించి అడగండి. ఇది గ్రామకంఠమా, పట్టా భూమా, పోరంబోకా, డి-పట్టానా? నిషేధిత జాబితాలో, అదే 22-ఏలో, ఉందా? మాస్టర్ ప్లాన్‌లో రంగు ఏమిటి? పక్కనున్న కాలువ వెడల్పు రికార్డులో ఎంత? ఈ జవాబులు నోటిమాటగా కాకుండా కాగితం మీద అడగండి.

ఆ తర్వాత అమ్మేవాడి దగ్గరికి వెళ్లండి. ఒప్పందంలో ఒక వాక్యం రాయించండి. పర్మిషన్ రాకపోతే అడ్వాన్సు వాపసు ఇస్తాను అని. నిజాయితీగా అమ్మేవాడు రాస్తాడు. రాయనంటే ఇంకో కొట్టు చూసుకోండి. దారి కూడా చూపించండి. నలభై అడుగుల పెట్టెతో ట్రైలరు కోనసీమ కాలువ గట్టు మలుపుల్లో తిరుగుతుందా, వంతెన మోస్తుందా, కరెంటు తీగలు తగులుతాయా అన్నది వాడే వచ్చి చూసుకోవాలి. ఇంటికి అర కిలోమీటరు దూరంలో ఆగిపోయి మిగతాది మీరే చూసుకోండి అంటే ఎలా?

ఇప్పటికే పెట్టేసినవాళ్లు కూడా ఈ మాటలు వింటూ ఉంటారు. వాళ్లకో మాట. నోటీసు వస్తే దాచిపెట్టకండి, చింపకండి, తెలిసిన పెద్దమనిషితో చెప్పించి ఊరుకోకండి. అందులో గడువు రాసి ఉంటుంది. ఆ గడువులోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. నేల మీ పట్టాదే అయితే, కాలువకీ నదికీ దూరాలు సరిపోతే, ఆలస్యంగానైనా పర్మిషన్‌కి ఏం దారి ఉందో అదే జవాబులో అడగండి. నేలే కుదరకపోతే మాత్రం ఒక పని మీ చేతిలో ఉంది. ఇటుక ఇంటివాడికి లేనిది మీకు ఉంది. క్రేన్ పిలిపించి, ఆ పెట్టెని సరైన స్థలంలోకి మార్చుకోండి. మార్చుకునే ముందు ఆ కొత్త స్థలం సర్వే నంబరుతో మళ్లీ ఒకసారి సచివాలయానికి వెళ్లిరండి.